జియోక్యాషింగ్‌లో కొత్తవాళ్ల దశ దాటామని ఎలా తెలుస్తుంది?

మీరు అడిగినది క్లుప్తంగా ఇది: ఏడాదిగా జియోక్యాషింగ్ చేస్తున్నారు, అంటే ఎవరో దాచిన డబ్బాల్ని (వీటినే క్యాష్‌లంటారు) జీపీఎస్ స్థానాన్ని బట్టి వెతికే ఆట ఆడుతున్నారు, రెండు వందలకు పైగా డబ్బాలు దొరికాయి, అయినా తోటివాళ్లు మిమ్మల్ని ఇంకా కొత్తవారిలాగే చూస్తున్నారు. ఎన్ని దొరికితే ఆ దశ దాటినట్టు, దాన్ని ఏ గుర్తుల్ని బట్టి చెప్పొచ్చు?

సూటిగా చెబుతాను. దానికి అంకె లేదు. డబ్బా దగ్గర ఉన్నప్పుడు మీకు ఇద్దరు మనుషులు గుర్తొస్తున్నారంటే మీరు ఇక కొత్తవారు కాదు: దాన్ని అక్కడ దాచినవారు, మీ తర్వాత దాన్ని వెతుక్కుంటూ రాబోయేవారు. మొదట్లో ఆటంతా మనకీ డబ్బాకీ మధ్యే ఉంటుంది. దొరికిందా లేదా, అంతే. పోనుపోను దాచినవారు ఏం ఆలోచించి ఉంటారో ఊహించి వెతకడం, రాబోయేవారికి ఏదీ చెడకుండా వదిలి రావడం అలవాటవుతాయి. చాలా ఏళ్లుగా వెతుకుతూ, దాస్తూ, కొత్తవాళ్లను వెంటబెట్టుకుని తిరుగుతూ నేను గమనించింది ఇదే. మిగతా గుర్తులన్నీ దీన్నుంచి పుట్టేవే.

ముందు అంకెల సంగతి తేల్చేద్దాం. ఈ ఆట నడిచే వెబ్‌సైట్ జియోక్యాషింగ్ డాట్ కామ్ నిబంధనల ప్రకారం రెండు డబ్బాల మధ్య కనీసం 161 మీటర్లు ఉండాలి, అంటే మైలులో పదో వంతు. సరిగ్గా ఆ కనీస దూరంలోనే రోడ్డు పొడవునా ఒకే రకం డబ్బాలు పెట్టుకుంటూ పోయిన దారులు ఉన్నాయి, వాటిని పవర్ ట్రయిల్స్ అంటారు. అలాంటి దారిలో కారు ఆపుతూ, దిగుతూ వెళ్తే ఒక్క రోజులో వందల లెక్క చేరుతుంది. ఇంకొకరు ఐదు దశల మల్టీ క్యాష్ (ఒక్కో చోట తర్వాతి చోటు ఆచూకీ దొరుకుతూ చివరికి డబ్బా దగ్గరికి చేరే రకం) ఒక్కదాని మీద వారాంతాలన్నీ గడిపి చివరికి దాన్ని పట్టుకుంటారు. ప్రొఫైల్లో మొదటివారి అంకె ఎంతో పెద్దది. నేర్చుకున్నది మాత్రం రెండోవారు.

అంకె కంటే నయం ఇంకొకటుంది. ప్రతి క్యాష్‌కీ కష్టం (వెతికి పట్టుకోవడం ఎంత కష్టమో), నేల (అక్కడికి చేరడం ఎంత కష్టమో) అని రెండు రేటింగులు ఉంటాయి, ఒక్కోటి 1 నుంచి 5 వరకు అరలతో కలిపి తొమ్మిది మెట్లు. రెంటినీ కలిపితే 81 గడుల పట్టిక. ఆ పట్టికలో మీరు ఏ మూలన ఎక్కువగా తిరిగారో చూస్తే కొంత తెలుస్తుంది. అన్నీ 1.5/1.5 చుట్టూనే ఉంటే ఇంకా చూడాల్సింది చాలా ఉందన్నమాట. అది కూడా మీరు ఎన్ని రకాలు చూశారో చెబుతుందే తప్ప, ఎలా ఆడతారో చెప్పదు. ఫస్ట్ టు ఫైండ్ కోసం (కొత్త క్యాష్‌ని అందరికంటే ముందు కనుక్కోవాలని) అర్ధరాత్రి పరిగెత్తడం, ఖరీదైన జీపీఎస్ పరికరం, ప్రీమియం మెంబర్‌షిప్, పొట్టి అక్షరాల పరిభాష గబగబా వాడటం, వీటిలో ఏదీ గుర్తు కాదు. మొదటి నెలలోనే అన్నీ సంపాదించినవాళ్లను చూశాను.

ఇక అసలు గుర్తులు. బయటినుంచి చూసేవారికి అన్నిటికంటే ముందు కనబడేది, చివరి పది మీటర్లలో మీరు ఫోన్‌ని ఏం చేస్తారన్నది. కొత్తవారు బాణం గుర్తు తిరిగినట్టల్లా తామూ తిరుగుతారు. దూరం సున్నా చూపించే చోటు కోసం రెండడుగులు ముందుకి, మూడడుగులు వెనక్కి వేస్తారు. అనుభవం ఉన్నవారు దాదాపు పది మీటర్ల దగ్గరే ఆగి, ఫోన్ జేబులో పెట్టేసి, చుట్టూ చూడటం మొదలుపెడతారు.

ఇందులో గొప్ప ఏమీ లేదు, చిన్న లెక్క ఉంది. వెబ్‌సైట్‌లో ఉండే క్యాష్ పేజీలో స్థానాన్ని డిగ్రీలు, నిమిషాల్లో, నిమిషానికి మూడు దశాంశాల వరకు ఇస్తారు. ఆఖరి అంకె ఒకటి మారితే ఉత్తర దక్షిణాలుగా 1.85 మీటర్లు జరిగినట్టు. అంటే రాసిన అంకెలకే దాదాపు రెండు మీటర్ల మందం ఉంది. ఆకాశం బాగా కనిపించే చోట మామూలు ఫోన్‌కి మూడు నుంచి ఐదు మీటర్ల తేడా ఉంటుంది. దాచినవారి పరికరానికీ ఆ రోజు అంతే తేడా ఉండి ఉంటుంది. వారి తేడా తూర్పుకి, మీ తేడా పడమరకి పోతే, ఎవరి తప్పూ లేకుండానే డబ్బా మీ సున్నాకి ఎనిమిది, పది మీటర్ల అవతల ఉంటుంది. గుబురు చెట్ల కింద, నిలువు బండల పక్కన, ఎత్తయిన భవనాల మధ్య సిగ్నల్ వాటికి తగిలి తిరిగొస్తుంది కాబట్టి ఈ తేడా ఇంకా పెరుగుతుంది. ఫోన్‌లోని దిక్సూచి ఇనుప కంచె దగ్గరా, వాహనం దగ్గరా తప్పు దిక్కు చూపిస్తుంది. ఇవన్నీ తెలిశాక బాణం మీద కోపం రాదు. అది చేయగలిగిన పని అది చేసింది, మిగతాది మనది.

ఈ ఆట పుట్టుక కూడా ఈ తేడాతోనే ముడిపడి ఉంది. 2000 మే మొదటి రోజుల వరకు అమెరికా ప్రభుత్వం పౌరులకిచ్చే జీపీఎస్ సిగ్నల్‌ని కావాలనే కొంత చెడగొట్టి ఇచ్చేది, తేడా వంద మీటర్ల దాకా ఉండేది. మే 2న ఆ అడ్డు తీసేశారు. మర్నాడే డేవ్ ఉల్మర్ అనే ఆయన ఒరెగాన్ రాష్ట్రంలో బీవర్‌క్రీక్ దగ్గర అడవిలో ఒక బకెట్ పెట్టి, ఆ స్థానాన్ని ఇంటర్నెట్‌లో ఒక చర్చా బృందానికి చెప్పారు. కొద్ది రోజుల్లోనే దాన్ని కనుక్కున్నారు. తేడా తగ్గినందువల్లే ఈ ఆట మొదలైంది. తగ్గింది గానీ పోలేదు, చివరి పది మీటర్లు మనిషికే మిగిలాయి. నాకు ఈ ఆటలో అన్నిటికంటే ఇష్టమైన భాగం ఆ పది మీటర్లే.

అక్కడ నిలబడి ఏం చూడాలి? ముందు, ఉండటానికి వీల్లేని చోట్లని తీసేయాలి. పేజీలో సైజు రెగ్యులర్ అని ఉంటే అది కనీసం లీటరు పట్టే డబ్బా, గోడ పగుళ్లలో వేళ్లు పెట్టి వెతకనక్కర్లేదు. మైక్రో అంటే 100 మిల్లీలీటర్ల లోపు, అది ఎక్కడైనా ఉండొచ్చు. నేల రేటింగ్ 1 అంటే చక్రాల కుర్చీలో వచ్చినవారికి కూడా అందాలి, కాబట్టి చెట్టెక్కే ఆలోచన అనవసరం. కష్టం 1.5 అయితే దాచినవారు మిమ్మల్ని ఏడిపించాలనుకోలేదని అర్థం. మొదట తోచిన నాలుగు చోట్లే మళ్లీ శ్రద్ధగా చూడండి. ఆ తర్వాత, దాచినవారికి ఏం కావాలో ఆలోచించండి. డబ్బా గాలికి ఎగిరిపోకూడదు, వానకి కొట్టుకుపోకూడదు, దారిన పోయేవారికి కనిపించకూడదు. ఈ మూడూ కుదిరే చోట్లు పది మీటర్ల వృత్తంలో ఎన్నో ఉండవు.

చివరగా, మనిషి చేయి పడిన ఆనవాళ్లు. రాళ్లు వాటంతట అవి పడితే అలా పేరుకోవు. ఎండు పుల్లలు ఒకదాని పక్కన ఒకటి ఒకే వరసలో రాలవు. మోడు తొర్ర ముందు వేరే చెట్టు బెరడు ముక్క ఎందుకుంటుంది? కంచె స్తంభానికి దేన్నీ బిగించని బోల్టు ఒకటి ఉందంటే దాన్ని లాగి చూడాల్సిందే. కొంతకాలానికి ఇలాంటివి వెతక్కుండానే కంట్లో పడతాయి. క్యాషర్లు దీన్ని జియోసెన్స్ అంటారు. అదేదో పుట్టుకతో వచ్చిన శక్తి అనుకోకండి. వందల దాపుల్ని శ్రద్ధగా చూసిన కన్ను, అంతే.

ఒక ఉదాహరణ చెబుతాను. కొండవాలులో ఒక క్యాష్‌కి నలుగురం వెళ్లాం. బండల వల్ల నలుగురి ఫోన్లూ నాలుగు వైపులకి చూపించాయి. మిగతావాళ్లు బండల చుట్టూ తిరుగుతుంటే నేను పేజీ మళ్లీ చదివాను. వర్ణనలో సగం అక్కడినుంచి లోయ ఎలా కనిపిస్తుందో రాశారు. అంత ఇష్టపడి రాసినవారు ఆ దృశ్యం కనిపించే చోటికే మనల్ని రప్పించాలనుకుంటారు కదా! లోయ పూర్తిగా కనిపించేది ఒకే ఒక్క చదును రాయి మీదనుంచి. దాని మీద కూర్చుని చేయి కిందికి చాపితే రాతి అంచు కింద డబ్బా తగిలింది. ఆ రోజు మాకు దారి చూపింది ఫోన్ కాదు, దాచినవారు రాసిన ఆ నాలుగు వాక్యాలు.

ఇదే విషయానికి ఇంకో వైపు ఉంది. వెతికేటప్పుడు ఏం చేయకూడదో తెలియడం. డబ్బాని పాతిపెట్టకూడదని, దాచడానికి ఆ చోటుని పాడుచేయకూడదని నిబంధన. కాబట్టి మీరు మట్టి తవ్వుతున్నారంటే, గోడలోంచి రాళ్లు ఊడదీస్తున్నారంటే, కొమ్మలు విరుస్తున్నారంటే తప్పు చోట వెతుకుతున్నారు. గడ్డి తొక్కి తొక్కి దారి పడిందంటే తర్వాత వచ్చేవారికి వెతికే ఆనందమే ఉండదు, దారి నేరుగా డబ్బాకి తీసుకెళ్తుంది. మొక్కలకి జరిగే నష్టం సరేసరి. ఒక చోట ఇరవై నిమిషాలు నేలని చిందరవందర చేసినవారిని చూస్తే, వాళ్ల లెక్క ఎంతున్నా సరే, ఇంకా నేర్చుకోవాల్సింది ఉందనే అనుకుంటాను.

బయలుదేరేముందు పేజీ చదవడం కూడా గుర్తే. ఇది కొంచెమే చెబుతాను, ఎందుకంటే అలవాటు చేసుకోవడం తేలిక. కింద ఉన్న చివరి పది లాగులు, అంటే ఇంతకుముందు వెతికినవారు రాసిన నమోదులు చూడండి. చివరిసారి ఎప్పుడు దొరికింది? వరుసగా 'దొరకలేదు' అని ఉన్నాయా? డబ్బాలో సంతకం పెట్టే లాగ్ కాగితం తడిసిందని ఎవరైనా రాశారా? ట్వీజర్స్, టార్చి, చిన్న అద్దం, తాడు లాంటివి కావాలని గుర్తులు పెట్టారా? రాత్రి వెళ్లకూడని చోటా? నెట్ అందని చోటైతే యాప్‌లో ముందే దింపుకున్నారా? పెన్ను ఉందా? ఇవన్నీ చూసుకుని బయలుదేరేవారికి టెన్షన్ తక్కువ, ఉత్తినే తిరిగొచ్చే రోజులూ తక్కువ.

ఇప్పుడు నా దృష్టిలో అన్నిటికంటే పెద్ద గుర్తు. దొరకనప్పుడు 'దొరకలేదు' అని లాగ్ చేయడం. డీఎన్ఎఫ్ అంటాం దాన్ని. కొత్తలో చాలామంది డీఎన్ఎఫ్ రాయరు. అది తమ ఓటమికి రుజువు అనుకుంటారు, ఇంకోసారి వచ్చి దొరికాక రాద్దామనుకుంటారు. రాయకపోతే ఏమవుతుందో డబ్బా దాచినవారి వైపునుంచి చెబుతాను.

నాది ఒక క్యాష్ పాత గోడ పక్కన ఉండేది, తేలికైనదే. ఒకప్పుడు తరచుగా 'దొరికింది' లాగులు వచ్చేవి, తర్వాత ఆగిపోయాయి. జనం రావడం తగ్గిందేమో అనుకోవడానికే ఎక్కువ అవకాశం ఉంది కదా. అప్పుడు ఒక కొత్త అమ్మాయి డీఎన్ఎఫ్ రాసింది. ఎక్కడెక్కడ చూసిందో, గోడకి ఒక వైపు కొత్త సిమెంటు కనబడుతోందని, హింట్‌లో చెప్పిన రంధ్రం తనకి కనిపించలేదని వివరంగా రాసింది. వెంటనే వెళ్లి చూశాను. గోడకి మరమ్మతు చేశారు, డబ్బా పోయింది. ఆ సంగతి రాశాక అంతకుముందు వచ్చినవాళ్లు ఇద్దరు ముగ్గురు 'మాకూ దొరకలేదండీ' అన్నారు. వాళ్ల ఖాతాల్లో వేలల్లో ఉన్నాయి. ఆ అమ్మాయి ఖాతాలో చాలా కొద్దిగా ఉన్నాయి. మీ ప్రశ్నకి నా జవాబంతా ఈ ఒక్క సంఘటనలో ఉంది. వాళ్లు మౌనంగా వెళ్లిపోవడం వల్ల తర్వాత వచ్చినవాళ్లు ఉత్తినే తిరిగారు. ఆమె రాసిన నాలుగు వాక్యాల వల్ల ఆ క్యాష్ మళ్లీ బతికింది.

డీఎన్ఎఫ్ తర్వాత వచ్చే మెట్టు, ఎప్పుడు దేన్ని నొక్కాలో తెలియడం. డబ్బా పగిలినా, కాగితం నిండినా, తడిసి ముద్దయినా దాచినవారి దృష్టికి తీసుకురావడానికి ఓనర్ అటెన్షన్ అనే లాగ్ ఉంది. నెలలు గడిచినా వారినుంచి ఉలుకూ పలుకూ లేకపోతే రివ్యూయర్ అటెన్షన్ ఉంది. క్యాష్‌లని పరిశీలించి ఆమోదించే రివ్యూయర్లు కూడా మనలాంటి క్యాషర్లే, జీతం లేకుండా ఆ పని చేస్తారు. ఇవి ఎవరి మీదో ఫిర్యాదులు కావు. అలాగని ఒక్కసారి మీకు దొరకనంత మాత్రాన 'డబ్బా పోయింది' అని నొక్కేయడం కూడా సరికాదు. కష్టం 4 ఉన్నది మొదటి సారి దొరక్కపోతే అది మామూలే. కష్టం 1.5 ఉన్నది వరుసగా నలుగురికి దొరక్కపోతే మాత్రం ఏదో జరిగింది.

దొరక్కపోతే జేబులోంచి కొత్త డబ్బా తీసి అక్కడ పెట్టి 'దొరికింది' అని రాయకండి. దీన్ని త్రోడౌన్ అంటారు. సాయం చేస్తున్నామనుకునే చేస్తారు చాలామంది. కానీ ఒరిజినల్ అక్కడే ఉంటే ఇప్పుడు ఒక చోట రెండు డబ్బాలు. ఒక మోడు దగ్గర నాకు చిన్న కెమెరా ఫిల్మ్ డబ్బా దొరికింది, పేజీలో మాత్రం సైజు స్మాల్ అని ఉంది. అనుమానమొచ్చి మరికాసేపు వెతికితే నాలుగడుగుల అవతల అసలు పెట్టె చక్కగా మూత వేసి ఉంది. మధ్యలో వచ్చిన ఎంతోమంది దాచినవారి అసలు చేతిపనిని చూడకుండానే సంతకం చేసి వెళ్లిపోయారు. దాచినవారు అడిగితే, వారికి చెప్పి, కొత్త డబ్బా పెట్టడం వేరు, అది నిజంగా సాయమే.

దొరికాక ఏం చేస్తారన్నది ఇంకో పెద్ద విషయం. తీసేముందు ఒక్క క్షణం ఆగి అది ఎలా ఉందో చూసుకోవాలి. ఏ వైపు తిరిగి ఉంది, మీద ఏ రాయి ఉంది, ఎంత లోపలికి ఉంది. నేనైతే తీసేముందు ఫోన్‌లో ఒక ఫొటో తీసుకుంటాను, తిరిగి పెట్టేటప్పుడు చూసుకోవడానికి మాత్రమే. సంతకం పెట్టాక కాగితాన్ని పొడిగా చుట్టి, మూత అంచుకి ఇసుకగానీ, ప్లాస్టిక్ సంచి కొసగానీ అడ్డం పడకుండా మూయాలి. రబ్బరు వలయం మీద చిన్న ఇసుక రేణువు చాలు, నీరు లోపలికి పోవడానికి. డబ్బాలు తడిసేది ఎక్కువగా వాన వల్ల కాదు, సగం మూసిన మూత వల్ల.

మళ్లీ అదే చోట, అదే విధంగా పెట్టాలి. 'ఇంకా బాగా దాచాను' అని లాగుల్లో కొందరు సంతోషంగా రాస్తుంటారు. కానీ హింట్, రేటింగ్, స్థానం అన్నీ దాచినవారి దాపుకి సరిపోయేలా ఉన్నాయి. మీరు రెండు మీటర్లు జరిపితే వాటన్నిటినీ తప్పు చేసినట్టే. ఆ చోటు సరిగ్గా లేదనిపిస్తే, డబ్బా బయటికి కనిపిస్తోందంటే, కొద్దిగా కప్పి, దాచినవారికి రాయండి. నిర్ణయం వారిది. చుట్టూ ఈ ఆట తెలియనివాళ్లు ఉంటే, మగుల్స్ అంటాం వాళ్లని, వాళ్లు వెళ్లేవరకు ఆగడం, అప్పటికీ కుదరకపోతే ఇంకో రోజు రావడం కూడా ఇందులో భాగమే. డబ్బా ఎదురుగా కనబడుతున్నా చేయి పెట్టకుండా వెనక్కి వచ్చేయగలిగినవారిని నేను చాలా గౌరవిస్తాను.

లాగ్ రాసే పద్ధతి కూడా మారుతుంది. టీఎఫ్‌టీసీ (థాంక్స్ ఫర్ ద క్యాష్) అని నాలుగక్షరాలు కొట్టడం తప్పేమీ కాదు. కానీ ఒక మంచి చోటుకి మిమ్మల్ని తీసుకెళ్లడానికి ఎవరో ఖర్చు పెట్టి, అనుమతులు తీసుకుని, ఏళ్ల తరబడి చూసుకుంటున్నారు. వారికి అందే ప్రతిఫలం ఆ లాగ్ ఒక్కటే. ఏం నచ్చిందో రెండు వాక్యాలు రాస్తే వారు దాన్ని కొనసాగిస్తారు. దాపు ఎక్కడుందో బయటపెట్టకుండా, చదివేవారికి వెళ్లాలనిపించేలా రాయడం వచ్చిందంటే మీరు చాలా దూరం వచ్చినట్టే.

పజిల్ క్యాష్‌ల (మిస్టరీ క్యాష్‌లనీ అంటారు, పజిల్ విప్పితేనే అసలు స్థానం తెలుస్తుంది) గురించి అడగలేదు గానీ చెప్పాలి, ఎందుకంటే చాలామంది వాటిని చూసి వెనక్కి తగ్గుతారు. తెలివి ఒక్కటే కాదు, పరిచయం కూడా ముఖ్యం. హింట్లు ఇంగ్లీషు అక్షరాల్ని 13 స్థానాలు జరిపి రాసే రాట్-13 పద్ధతిలో ఉంటాయని అందరికీ తెలుసు. దాని తర్వాత మోర్స్, బ్రెయిలీ, జెండాల సంకేతాలు, అక్షరానికి అంకె, విజెనేర్ అనే రహస్య లిపి వంటివి నాలుగు చూసేసరికి కొత్తది ఏ కుటుంబానిదో పోల్చుకోగలుగుతారు. ఇంకో ఆధారం, మిస్టరీ క్యాష్ అసలు స్థానం సాధారణంగా పేజీలో ఇచ్చిన స్థానానికి 3.2 కిలోమీటర్ల లోపే ఉండాలి. మీ జవాబు సముద్రం మధ్యలో తేలితే లెక్క మళ్లీ చూసుకోవాలి. జవాబు సరైనదో కాదో చెప్పే చెకర్ పేజీలో ఉంటే సరిచూసుకునే బయలుదేరండి. కష్టపడి చేసిన పజిల్ జవాబుని వేరేవారికి పంపించేయకండి. వారం రోజులు తలపట్టుకున్నవారికి 'శీర్షిక మళ్లీ చదవండి' అని ఒక్క మాట చెప్పి వదిలేస్తే, విప్పిన ఆనందం వాళ్లకే దక్కుతుంది.

ట్రావెల్ బగ్‌లు, జియోకాయిన్‌ల (డబ్బా నుంచి డబ్బాకి ప్రయాణించే, కోడ్ ఉన్న వస్తువులు) గురించి ఒక్క మాట. తీసుకున్నది త్వరగా ముందుకి పంపాలి, దాని యజమాని పెట్టిన లక్ష్యం ఏమిటో చూడాలి, దాని మీది ట్రాకింగ్ కోడ్ ఫొటోల్లో పడకూడదు. ఆ కోడ్ బయటపడితే దాన్ని ఎప్పుడూ చూడనివారు కూడా ఇంట్లో కూర్చుని లాగ్ చేసేస్తారు.

వెనక్కి తిరగడం కూడా నేర్చుకోవాలి. నేల 5 అంటే తాడు, పడవ, డైవింగ్ పరికరాల వంటివీ, వాటి మీద శిక్షణా కావాలి. 3.5, 4 దగ్గరే జనం ఎక్కువగా మోసపోతారు, ఎందుకంటే కిందినుంచి చూస్తే వెళ్లగలమనిపిస్తుంది. ఎక్కగలను అనిపించిన చోట దిగగలనా అని అడగని వారిని చూశాను, ఒకరిని దింపడానికి మా బృందానికి సాయంత్రం దాకా పట్టింది. వాగు పొంగుతున్నా, చీకటి పడుతున్నా, ఒంటరిగా ఉన్నా తిరిగొచ్చి డీఎన్ఎఫ్ కాకపోతే ఒక నోట్ రాసుకోండి. డబ్బా ఎక్కడికీ పోదు.

ఆఖరిది దాచడం. జియోక్యాషింగ్ డాట్ కామ్ ఇచ్చే సలహా, దాచేముందు కనీసం 20 వెతకమని. నన్నడిగితే అంకె కంటే, చెడిపోయిన డబ్బాలు కొన్ని చూశాక దాచండి. తడిసిన కాగితం, విరిగిన మూత, జంతువు కొరికిన పెట్టె చూశాక మీరు ఎంచుకునే డబ్బాయే మారిపోతుంది. ఫిల్మ్ డబ్బా మూత నీటిని ఎక్కువ కాలం ఆపదని, జిప్ సంచి కొన్ని నెలలకే చిల్లులు పడుతుందని, తినేవిగానీ వాసనొచ్చేవిగానీ లోపల పెట్టకూడదని ఎవరూ చెప్పనక్కర్లేకుండానే తెలుస్తుంది. పైన 'జియోక్యాష్' అని స్పష్టంగా రాయాలి. ఏమీ రాయని పెట్టెని చూసి బాంబు అనుకుని పోలీసుల్ని పిలిచిన సందర్భాలు ఉన్నాయి.

స్థలం యజమాని అనుమతి తీసుకోవాలి. స్థానాన్ని ఒక్కసారి కాకుండా వేర్వేరు రోజుల్లో, వేర్వేరు సమయాల్లో కొలిచి సగటు తీయాలి. ఉపగ్రహాలు ఆకాశంలో చోటు మారుతుంటాయి కాబట్టి వెంటవెంటనే పదిసార్లు కొలిస్తే దాదాపు అదే తేడా పదిసార్లు వస్తుంది. ఇంకా ముఖ్యమైనది, ఎవరైనా సమస్య చెబితే కొన్ని వారాల్లో వెళ్లి చూడగలిగే దూరంలోనే దాచాలి. సెలవులకి వెళ్లిన ఊళ్లో ముచ్చటపడి దాచి వచ్చేసిన డబ్బాలు అనాథలవుతాయి, అందుకే అలాంటివాటిని సాధారణంగా ఒప్పుకోరు.

నేను గమనించే ఇంకో సున్నితమైన గుర్తు ఉంది. మంచి చోటు దొరికినా దాచకుండా వదిలేయడం. గూళ్లు కట్టుకునే పక్షులు, జారే గట్టు, ఎవరో ప్రశాంతంగా కూర్చునే సమాధుల తోట లాంటివి. అక్కడ డబ్బా పెడితే వందమంది వస్తారని ఊహించి, వద్దనుకోగలిగినవారు ఈ ఆటని నిజంగా అర్థం చేసుకున్నారు. ఎందుకు రప్పిస్తున్నామన్న ప్రశ్న కూడా అలాంటిదే. 'ఇక్కడ ఖాళీ ఉంది కాబట్టి' అన్నది కారణం కాదు. మీరు డబ్బా తీసేసినా ఆ చోటుకి స్నేహితుల్ని తీసుకెళ్తారా అని అడిగి చూసుకోండి.

తోటివాళ్లు మిమ్మల్ని ఎలా చూస్తున్నారన్న దాని గురించి. వాళ్లు మీ అంకె చూసి అంటుంటే దాన్ని పట్టించుకోనక్కర్లేదు. మీతో కలిసి తిరిగినవాళ్లు అంటుంటే మాత్రం పైనవాటిలో ఏది మీలో ఇంకా లేదో వాళ్లనే అడగండి, చెబుతారు. ఈ అలవాట్లన్నీ ఒకేసారి రావు. కొందరికి దాచడం ముందు వస్తుంది, కొందరికి పజిల్స్. ఎర్త్‌క్యాష్‌లు (డబ్బా లేకుండా, నేల, రాళ్ల విశేషాల్ని చూపించే రకం) మాత్రమే చేస్తూ, రాళ్ల గురించి ఎంతో నేర్చుకుని, డబ్బాలు వెతకడంలో ఇంకా తడబడే మిత్రులు నాకున్నారు. వాళ్లని కొత్తవాళ్లనడానికి నాకు మనసొప్పదు.

ఈ వారం చేయదగ్గ పని ఒకటుంది. గత ఏడాదిలో వెతికి, దొరక్క, ఏమీ రాయకుండా వదిలేసినవి గుర్తుచేసుకోండి. ఒక్కో పేజీ తెరిచి, ఆ తర్వాత వేరేవాళ్లకి దొరికిందేమో చూడండి. దొరకని వాటికి, మీరు వెళ్లిన నాటి తేదీతోనే డీఎన్ఎఫ్ పెట్టండి. ఎక్కడ చూశారో, ఏం కనబడిందో రెండు మూడు వాక్యాలు చాలు. దాచినవారికి ఆ మెయిల్ వెళ్తుంది, వారు ఎప్పుడు వెళ్లి చూసుకోవాలో నిర్ణయించుకుంటారు.